మర్చిపోవడానికి తాగుతాం సరే, గుర్తుపెట్టుకోవడానికి ఏం చేస్తాం?

ఇంట్లో మనిషి పోయాక వచ్చిన ప్రతి ఒక్కళ్ళూ చెప్పేది ఒకటే మాట, మర్చిపో. పోయినోళ్ళు తిరిగొస్తారా, ఇంటికి పెద్దోడివి నువ్వే ఇలా అయిపోతే మీ నాన్నని ఎవరు చూస్తారు, పనిలో పడు అదే తగ్గిపోద్ది అని. ప్రేమతోనే చెప్తారు, వాళ్ళకీ వేరే మాట తెలీదు. 2021 మే నెలలో, కరోనా సెకండ్ వేవ్‌లో మా అమ్మ పోయినప్పుడు నేనూ ఇవే విన్నాను, బుద్ధిగా పాటించాను కూడా, మర్చిపోవడానికి నాకు దొరికిన దగ్గరి దారి మా సందు చివర వైన్స్. మొదట శనివారం ఒక క్వార్టర్, తర్వాత రోజు మార్చి రోజు, దసరా వచ్చేసరికి రోజూ సాయంత్రం ఏడున్నరకి చెయ్యి దానంతటదే బండి తాళాల మీదకి వెళ్ళిపోయేది.

మానేసి ఇప్పుడు మూడేళ్ళు దాటింది. మధ్యలో రెండుసార్లు జారాను, ఆ సంగతి కూడా చెప్తా. మానడానికి డాక్టరూ, ఆయనిచ్చిన మాత్రలూ, మా ఇంట్లోవాళ్ళూ ఎంత కారణమో మైండ్‌ఫుల్‌నెస్ అనే సాధన కూడా అంత కారణం. కానీ దాని గురించి బయట చెప్పేవి వింటే బాధేస్తది, ఒకళ్ళేమో కళ్ళు మూసుకుని పది నిమిషాలు కూర్చుంటే బాధంతా ఆవిరైపోద్దంటారు, ఇంకొకళ్ళేమో అదంతా కడుపు నిండినోళ్ళ కాలక్షేపం అంటారు. రెండూ నిజం కాదు. అందుకే దుఃఖం ఎలా పనిచేస్తది, మందు అలవాటు మనిషిని ఎలా పట్టుకుంటది, ఈ రెండిటి మధ్యలో మైండ్‌ఫుల్‌నెస్ ఏం చెయ్యగలదు, ఏం చెయ్యలేదు అన్నది నాకు అర్థమైనంతలో విడదీసి చెప్పాలని కూర్చున్నా.

ముందు ఆ మాట సంగతి. పాళీ భాషలో దాన్ని సతి అంటారు, సంస్కృతంలో స్మృతి, అంటే జ్ఞాపకం. బౌద్ధ సూత్రాల్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చిన రిస్ డేవిడ్స్ 1881లో ఆ సతి అన్నదానికి మైండ్‌ఫుల్‌నెస్ అని పెట్టాడు, లోకమంతా అదే నిలిచిపోయింది. మనకైతే ఎరుక అనే చక్కటి మాట ఉంది. ఇప్పుడు ఒంట్లో ఏముందో, మనసులో ఏం నడుస్తోందో తెలిసి ఉండడం, దాన్ని తోసెయ్యకుండా, దాంట్లో కొట్టుకుపోకుండా. ఈ సతి అంటే జ్ఞాపకం అని తెలిసిన రోజు నేను కాసేపు అలాగే కూర్చుండిపోయాను, మర్చిపోవడానికి తాగినవాడికి విరుగుడు పేరు జ్ఞాపకం.

ఇప్పుడు దుఃఖం దగ్గరికొద్దాం. దుఃఖం అనగానే చాలామంది అయిదు దశలు చెప్తారు, నమ్మలేకపోవడం, కోపం, బేరం, కుంగుబాటు, చివరికి ఒప్పుకోవడం అని. అవి ఎలిజబెత్ కుబ్లర్ రాస్ అనే డాక్టరు 1969లో రాసిన పుస్తకంలోవి, ఆవిడ ఆ పుస్తకం కోసం మాట్లాడింది చావు దగ్గరపడిన రోగులతో, అయినవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళతో కాదు. తర్వాత్తర్వాత దాన్ని అందరి దుఃఖానికీ అంటగట్టేశారు. నేను ఆ లిస్టు పట్టుకుని నెలల తరబడి నన్ను నేను పరీక్ష చేసుకున్నాను, కోపం రాలేదేంటి, నేను సరిగ్గా బాధపడట్లేదా అని. అది ఎవరికీ అక్కర్లేని అదనపు బరువు.

నాకు నిజమనిపించింది ఇంకోటుంది. నెదర్లాండ్స్‌లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అని ఇద్దరు పరిశోధకులు 1999లో చెప్పింది. పోగొట్టుకున్న మనిషి రెండు వైపుల మధ్య ఊగుతా ఉంటాడంట, ఒకవైపు పోయినవాళ్ళ తలపు, ఏడుపు, ఫొటోలు, రెండోవైపు కరెంటు బిల్లు, పిల్లల ఫీజు, ఇవాళ కూరేంటి అన్నది. ఆ ఊగడమే ఆరోగ్యం. ఎప్పుడూ ఏడుస్తానే ఉన్నా ఇబ్బందే, ఎప్పుడూ పనిలోనే మునిగిపోయి అటువైపు అస్సలు చూడకపోయినా ఇబ్బందే.

ఇది చదివాక నాకు మన దినాలు గుర్తొచ్చాయి. మూడోరోజు చిన్నకర్మ, తర్వాత పెద్దకర్మ, ఆపైన నెలనెలా మాసికం, ఏడాదికి సంవత్సరీకం, అక్కణ్ణుంచి ఏటా తద్దినం. మొదట దగ్గర దగ్గరగా, తర్వాత దూరం దూరంగా, ఇదిగో ఈ రోజు కూర్చుని తల్చుకో, మిగతా రోజులు పని చూసుకో అని ఎవరో తూకం వేసి పెట్టినట్టే ఉంటది. ఊళ్ళల్లో ఆడవాళ్ళు శోకాలు పెట్టి ఏడుస్తారు చూడండి, అది ఊరికే ఏడవడం కాదు, పోయిన మనిషి ఏం తినేవాడో, ఎలా పిలిచేవాడో, కిందటి సంక్రాంతికి ఏం తెచ్చాడో ఒక్కొక్కటీ రాగం తీసి చెప్తారు, చుట్టూ ఉన్నోళ్ళు దానికి వంత పాడతారు. అది గట్టిగా గుర్తుపెట్టుకోవడం. అదే టైంలో మగవాళ్ళు పందిరి బయట కుర్చీల్లో ఉంటారు, ఏడ్చే హక్కు వాళ్ళకి లేదు, కాసేపాగి ఎవరో ఒకళ్ళు భుజం మీద చెయ్యేసి పక్కకి తీస్కెళ్తారు, ఒకటెయ్ బావా గుండె తేలికవుద్ది అని. తెలంగాణలో చాలా ఊళ్ళల్లో దినాలంటేనే కల్లూ మందూ ఉండాల్సిందే.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేనేళ్ళు దాటిన మగవాళ్ళలో మందు తాగేవాళ్ళు తెలంగాణలో నూటికి 43 మంది, ఆంధ్రలో 23 మంది. ఆడవాళ్ళు తెలంగాణలో ఏడుగురికి కాస్త తక్కువ, ఆంధ్రలో నూటికి ఒక్కరి కంటే తక్కువ. దీనికి దుఃఖమే కారణం అని నేననను, వంద కారణాలుంటాయి. కానీ ఏడుపు రాని మగాడి చేతికి మొదట అందేది ఏంటి అని అడిగితే జవాబు మనందరికీ తెలుసు.

మాకు 2021లో దినాలు లేవు. అమ్మని మూట కట్టినట్టు కట్టి ఇచ్చారు, మొహం చూడనివ్వలేదు, శ్మశానంలో ఇద్దరికే పర్మిషన్, పెద్దకర్మ నాడు ఇంట్లో నేనూ నాన్నా, ఫోన్‌లో వీడియో కాల్‌లో పంతులుగారు. శోకం పెట్టడానికి మనిషి లేదు, వంత పాడడానికి మనిషి లేదు. ఆ ఏడు రెండు రాష్ట్రాల్లోనూ ఎన్నో ఇళ్ళల్లో ఇదే జరిగింది. ఆ ఏడవని ఏడుపంతా ఎక్కడికి పోయిందో ఎవరూ లెక్క తియ్యలేదు.

ఇక్కడే మందు వస్తది. మొదట్లో అది నిజంగానే పనిచేస్తది, ఈ మాట దాచకూడదు, పనిచెయ్యకపోతే ఎవడూ రెండోరోజు వెళ్ళడు. గొంతులో అడ్డం పడ్డట్టున్నది ఒక పెగ్గుకి కిందకి దిగిపోద్ది. మెదడు దాన్ని రాసిపెట్టుకుంటది, గొంతు బిగిస్తే ఇది వేస్తే పోద్ది అని. టైమూ చోటూ కూడా రాసిపెట్టుకుంటది. కొన్నాళ్ళకి ఆ టైమైతే చాలు, గొంతు బిగించకపోయినా కావాలనిపిస్తది. మిషిగన్ యూనివర్సిటీలో కెంట్ బెరిడ్జ్, టెర్రీ రాబిన్సన్ అని ఇద్దరు 1993 నుంచి చెప్తా వస్తున్నది ఏంటంటే, మెదడులో కావాలనిపించడం వేరు, నచ్చడం వేరు, రెండిటికీ వేరే వేరే దారులు, అలవాటు ముదిరేకొద్దీ కావాలనిపించడం పెరుగుతా పోద్ది, నచ్చడం మాత్రం అలా పెరగదు. నాకు ఆఖరి ఆరు నెలలు మందు రుచిగానీ కిక్కుగానీ ఏమీ లేదు, ఒట్టి ఆరాటమే. తాగేవాడిని చూసి వీడికి మజా కావాలి అనుకుంటారు బయటోళ్ళు. మజా ఎప్పుడో అయిపోయి ఉంటది.

ఇంకోటి నిద్ర. తాగి పడుకుంటే నిద్ర తొందరగా పడుద్ది, కానీ కలలొచ్చే నిద్రని అది ముందు సగంలో అణిచేస్తది, ఒంట్లోంచి దిగిపోయాక రెండో సగంలో అదంతా ఒక్కసారి తన్నుకొస్తది. అందుకే తెల్లవారుజామున మూడింటికి గుండె దడదడలాడుతా మెలకువ. ఆ మూడింటికి అమ్మ వచ్చేది. రాత్రి తోసేసిన బాధే, ఎక్కడికీ పోలేదు, వడ్డీ వేసుకుని వచ్చి మంచం పక్కన నిలబడేది.

అంటే ఏమైంది, ఏడుపుకీ పనికీ మధ్య ఊగే ఆ ఊయల ఆగిపోయింది. అటువైపు వెళ్ళబోతుంటే మందు అడ్డం పడుద్ది, ఇటువైపు పని చేసుకుందామంటే హ్యాంగోవరు. అందుకే చాలామందికి మందు మానిన మొదటి నెలల్లో, ఎప్పుడో పోయినవాళ్ళ బాధ నిన్నే పోయినట్టు పచ్చిగా బయటికొస్తది. ఇంట్లోవాళ్ళు కంగారుపడతారు, తాగేటప్పుడే బాగున్నాడు ఇప్పుడు ఊరికూరికే ఏడుస్తున్నాడు అని. వాయిదా వేసిన ఏడుపు అది, రావాల్సిందే. పైగా మందు మానడం కూడా ఒక పోగొట్టుకోవడమే, ఆ సాయంత్రం, ఆ స్నేహితులు, ఆ టేబుల్, అవన్నీ ఒకేసారి పోతాయి. ఒక దుఃఖం మీద ఇంకో దుఃఖం.

ఇప్పుడు మైండ్‌ఫుల్‌నెస్ ఇక్కడికి ఎలా వచ్చిందో చూడండి, ఆ దారి నాకు చాలా ఇష్టం. బర్మాలో మాండలేలో 1924లో పుట్టిన ఎస్.ఎన్. గోయెంకా అనే వ్యాపారికి భరించలేని మైగ్రేన్, డాక్టర్లు మార్ఫిన్ ఇంజెక్షన్లు ఇచ్చేవాళ్ళు, తలనొప్పి సంగతి అటుంచి మార్ఫిన్‌కే అలవాటు పడిపోతానేమో అని ఆయనకి భయం పట్టుకుంది. ఎన్ని దేశాలు తిరిగినా తగ్గక, 1955లో అక్కడి అకౌంటెంట్ జనరల్‌గా పనిచేస్తూ ధ్యానం నేర్పే ఊ బా ఖిన్ దగ్గరికి వెళ్ళాడు. తలనొప్పి తగ్గించుకోవడానికైతే రావొద్దు అని ఆయన మొదట ఒప్పుకోలేదంట. ఆ గోయెంకా 1969లో ఇండియా వచ్చి విపస్సన అనే ఆ ధ్యానం నేర్పడం మొదలుపెట్టారు, మన హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీద వనస్థలిపురం దాటాక ఉన్న సెంటర్ కూడా ఆ పరంపరలోదే. 1994లో కిరణ్ బేడీ తిహార్ జైల్లో వెయ్యి మందికి పైగా ఖైదీలతో, మౌనంగా ఉండి చేసే ఆ ధ్యానం పది రోజుల కోర్సు పెట్టించింది. ఆ తర్వాత అమెరికాలో సియాటిల్ దగ్గర ఒక జైల్లో అదే కోర్సు మొదలైంది, అక్కడి వాషింగ్టన్ యూనివర్సిటీలో తాగుడు మీద జీవితమంతా పనిచేసిన ఆలన్ మార్లాట్ బృందం ఆ ఖైదీల్ని గమనించింది. విడుదలైన మూడు నెలల తర్వాత, కోర్సు చేసినవాళ్ళలో మందూ డ్రగ్సూ వాడకం మిగతావాళ్ళకంటే తక్కువుంది.

ఇంకోవైపు మసాచుసెట్స్‌లో జాన్ కబట్-జిన్ 1979లోనే తగ్గని నొప్పులున్నవాళ్ళ కోసం మైండ్‌ఫుల్‌నెస్ పద్ధతి ఒకటి తయారుచేసి ఉన్నాడు. మార్లాట్, సారా బోవెన్, నేహా చావ్లా ఈ రెండు పాయలూ కలిపి, మానేశాక మళ్ళీ పడిపోకుండా ఉండడానికని ఎనిమిది వారాల శిక్షణ కట్టారు. 2014లో 286 మందితో చేసిన పరీక్షలో, ఏడాది గడిచాక చూస్తే ఇది నేర్చుకున్నవాళ్ళు డ్రగ్స్ వాడిన రోజులూ, విపరీతంగా తాగడమూ, మామూలు చికిత్స తీసుకున్న గుంపుకంటే, ఇంకో కౌన్సెలింగ్ పద్ధతి నేర్చుకున్న గుంపుకంటే తగ్గాయి. అలాగని అన్ని పరీక్షల్లోనూ ఇదే గెలిచిందని చెప్పలేం, వేరే మంచి కౌన్సెలింగ్ పద్ధతులతో పోలిస్తే తేడా చాలాసార్లు చిన్నదే. నేను చెప్పేది ఇదొక్కటే దారి అని కాదు, ఇది నిజమైన దారుల్లో ఒకటి అని.

మార్లాట్ నేర్పిన వాటిలో నన్ను నిలబెట్టింది ఒకటుంది, కెరటం మీద ఉండడం. తాగాలనే ఆశ పుట్టినప్పుడు మనకి తెలిసినవి రెండే, లొంగిపోవడం లేదా పళ్ళు బిగించి పోట్లాడడం. పోట్లాడేకొద్దీ ధ్యాసంతా దానిమీదే ఉంటది కాబట్టి అదింకా పెరుగుద్ది. మార్లాట్ చెప్పేది మూడోది, ఆశ కెరటం లాంటిది, లేస్తది, శిఖరానికి వెళ్తది, దానంతటదే విరిగి పడుద్ది, నువ్వు చెయ్యాల్సింది అది విరిగేదాకా దాన్ని చూస్తూ ఉండడం. చాలామందికి అది అరగంటలోపే దిగిపోద్ది. ఉప్పాడలోనో భీమిలిలోనో జాలర్లు పొద్దున్నే పడవ లోపలికి తోసేటప్పుడు చూశారా, కెరటాన్ని చూసి పడవని పక్కకి తిప్పరు, పక్కకి తిరిగిందంటే బోల్తానే. ముక్కు నేరుగా కెరటానికి పెట్టి దాని మీదకి ఎక్కిస్తారు.

నా ఒక సాయంత్రం చెప్తా. మానేసి పంతొమ్మిదో రోజు, ఆఫీసు నుంచి వస్తున్నా, ఏడుంపావు, వైన్స్ ముందు ట్రాఫిక్ ఆగింది. బోర్డు లైట్లు, పల్లీల బండి వాసన. నోట్లో నీళ్ళూరాయి. బండి పక్కన ఆపి, ఇంజిన్ ఆపి, సీటు మీదే కూర్చుని, డాక్టరుగారి దగ్గర కౌన్సెలర్ మేడమ్ చెప్పినట్టు ఒంట్లో ఎక్కడుందో వెతికాను. దవడలు బిగిసున్నాయి. నాలిక కింద తడి. రొమ్ము మధ్యలో చిన్న మంట, అరచెయ్యంత మేర. కాళ్ళు వాటంతటవే ముందుకి లాగుతున్నట్టు. పేర్లు పెట్టాను, ఇది దవడ, ఇది మంట, ఇది లాగడం. కావాలి అనే మాట బుర్రలో అరుస్తా ఉంది, దాన్నీ ఒక మాటగానే విన్నాను. నాలుగైదు నిమిషాలకి మంట పెరిగింది, ఇంక నావల్ల కాదు అనిపించింది, అదీ ఒక మాటే. తర్వాత ఏం జరిగిందంటే మంట కిందకి జారి పొట్టలోకి వెళ్ళింది, అక్కడ అది మంట కాదు, ఖాళీ, స్కూలు నుంచి వచ్చేసరికి ఇంట్లో అమ్మ లేనప్పుడు ఉండే ఖాళీ. అప్పుడు ఏడుపొచ్చింది, హెల్మెట్ తియ్యకుండానే ఏడ్చాను. టైం చూస్తే ఏడూ ముప్ఫై ఎనిమిది. మందు కావాలనిపించడం లేదు. అంతకాలం నేను దాహం అనుకున్నది దాహం కాదు.

ఇందుకే ఈ రెండు విషయాలూ విడదీసి చెప్పడం కష్టం, ఆశకీ దుఃఖానికీ ఒకటే సాధన పనికొస్తది, ఎందుకంటే చాలాసార్లు మొదటిదాని అడుగున రెండోది ఉంటది.

దీనికే చిన్న రూపం ఒకటి నేర్పుతారు, సోబర్ అనే ఇంగ్లిష్ మాటలో అయిదక్షరాలకి అయిదు పనులు. ఆగు. ఇప్పుడు ఏముందో గమనించు. కాసేపు ఊపిరి మీద ధ్యాస పెట్టు. ఆ ధ్యాసని ఒళ్ళంతా, చుట్టూ ఉన్న గదంతా పరుచుకోనివ్వు. అప్పుడు ఏం చెయ్యాలో నువ్వే ఎంచుకుని చెయ్యి. మూడు నిమిషాల పని, లిఫ్ట్‌లో కూడా అయిపోద్ది.

ఊపిరి అన్నాను కదా, అక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, ఇది ఏ యాప్‌లోనూ నాకు ఎవరూ చెప్పలేదు. మా అమ్మ పోయింది ఊపిరి అందక. ఆక్సిమీటర్‌లో 84, తర్వాత 79, ఆ కాన్సన్ట్రేటర్ శబ్దం రాత్రంతా. నేను మొదటిసారి కళ్ళు మూసుకుని నీ శ్వాసని గమనించు అన్న గొంతు వినగానే నాకు ఆ శబ్దం వినబడింది, చెమటలు పట్టేశాయి, లేచి నేరుగా బయటికెళ్ళి తాగాను. ధ్యానం నాకు పడదు అని ఏడాది పాటు అటువైపు చూడలేదు. తర్వాత కౌన్సెలర్ మేడమ్ చెప్పింది, ఊపిరే పట్టుకోవాలని రూలేం లేదు, అరికాళ్ళు నేలకి ఆనిన చోటు పట్టుకోండి, చేతిలో స్టీలు గ్లాసు చల్లదనం పట్టుకోండి, కళ్ళు తెరిచే ఉంచుకోండి, మరీ ఎక్కువైపోతే గదిలో అయిదు వస్తువులు చూసి పేర్లు చెప్పండి అని. దారుణమైన చావు కళ్ళారా చూసినవాళ్ళకి, చిన్నప్పుడు హింస పడ్డవాళ్ళకి కళ్ళు మూసుకుని లోపలికి వెళ్ళడం మేలుకంటే కీడు చెయ్యొచ్చు. లేని గొంతులు వినబడే జబ్బులున్నవాళ్ళు, ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నవాళ్ళు ముందు సైకియాట్రిస్టుని కలవాలి. పది రోజుల మౌనం కోర్సుకి కూడా మానేసిన మొదటి వారంలో పరిగెత్తకూడదు, అక్కడ అప్లికేషన్‌లోనే మీ మానసిక ఆరోగ్యం, మందు, మాత్రల గురించి అడుగుతారు, దాచకుండా రాయాలి.

ఇంకా పెద్ద జాగ్రత్త ఒకటుంది. ఏళ్ళ తరబడి రోజూ తాగేవాళ్ళు ధ్యానం మీద నమ్మకంతో ఒక్కసారిగా ఆపెయ్యకూడదు, ప్రాణం మీదకొస్తది. ఆపిన కొద్ది గంటల్లో వణుకు, చెమటలు, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావొచ్చు, రెండు మూడు రోజులకి కొందరికి లేని పురుగులూ మనుషులూ కనబడతారు, మనవాళ్ళు గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. అది హాస్పిటల్ పని. అల్ప్రాజోలం, డైజీపామ్ లాంటి మత్తు మాత్రలు కలిపిన కల్తీ కల్లు తాగే ఊళ్ళల్లో కల్లు దొరకని రోజున జనం వింతగా ప్రవర్తించడం, ఫిట్స్‌తో పడిపోవడం కూడా ఇదే కారణం. డాక్టరు కొన్ని రోజులు మాత్రలిచ్చి, బి1 విటమిన్ ఇచ్చి దాటిస్తారు, తర్వాత ఆశ తగ్గడానికి కూడా మందులున్నాయి. తాగేవాళ్ళకి తెలియకుండా అన్నంలో కలిపి పెట్టండి అని అమ్మే మందుల జోలికి మాత్రం దయచేసి వెళ్ళకండి. అలాంటివాటిలో డైసల్ఫిరామ్ ఉంటే, అది ఒంట్లో ఉండగా తాగితే బీపీ పడిపోయి మనిషే పోవచ్చు. అది తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూస్తుండగా వాడాల్సిన మాత్ర. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ హెల్ప్‌లైన్‌లున్నాయి, మానసిక బాధకి టెలీ మానస్ 14416, అక్కడ తెలుగులో మాట్లాడొచ్చు, మత్తు అలవాట్లకి 14446.

మైండ్‌ఫుల్‌నెస్ మొదలయ్యేది ఈ గండం దాటాక.

జారడం గురించి చెప్తానన్నాను. నాలుగో నెలలో మా కజిన్ పెళ్ళిలో ఒక బీరు తాగాను. ఒక్కటే. తెల్లారి లేచేసరికి బుర్రలో ఒకటే మాట, ఎలాగూ పోయింది. ఆ రోజు ఫుల్ బాటిల్. మార్లాట్ 1985లోనే దీని గురించి రాశాడు, మనిషిని పడేసేది ఆ మొదటి గ్లాసు కంటే దాని తర్వాత వచ్చే సిగ్గూ, నేనింతే అనే తీర్పూ అని. మనకి దీనికి సామెతే ఉంది, మునిగినోడికి చలేంటి. ఆ సామెత ఎంతమందిని ముంచిందో. రెండోసారి జారినప్పుడు, ఆ తెల్లారి అదే మాట వచ్చింది, ఎలాగూ పోయింది అని, కానీ ఈసారి దాన్ని మాటగా గుర్తుపట్టాను, రొమ్ములో సిగ్గు ఎక్కడుందో చూశాను, చెవుల దాకా వేడి, కిందకి చూడాలనిపించడం. మధ్యాహ్నానికి డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఒక రోజుతో ఆగింది. రెండుసార్లకీ తేడా ఆ ఒక్క ఉదయమే.

దుఃఖానికి వచ్చేసరికి ఈ సాధన బాధ తగ్గించదు, ముందే చెప్పేస్తున్నా, కొన్నాళ్ళు పెంచుద్ది కూడా. ఆర్నెల్లు, ఏడాది దాటినా రోజంతా అదే తలపుతో ఏ పనీ చెయ్యలేని స్థితి ఉంటే దాన్ని ఇప్పుడు వైద్యంలో ప్రత్యేకంగా గుర్తిస్తున్నారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో ఆరు నెలలు గడువు, అమెరికన్ సైకియాట్రిస్టుల 2022 పుస్తకంలో పెద్దవాళ్ళకి ఏడాది. దానికి వేరే చికిత్స ఉంది, ఒక్కళ్ళే కూర్చుని కళ్ళు మూసుకుంటే సరిపోదు.

కబట్-జిన్ కోర్సులో మొదటి క్లాసులో ఒక ఎండుద్రాక్ష ఇస్తారు, దాన్ని చూసి, ముట్టుకుని, వాసన చూసి, నాలిక మీద పెట్టుకుని, నెమ్మదిగా నమలమంటారు. అది చదివినప్పుడు నాకు ఫ్రిజ్ పైన ఉన్న జాడీ గుర్తొచ్చింది. అమ్మ పోయే ముందు ఏప్రిల్ ఆఖర్లో ఆవకాయ పెట్టింది, ఆ ఏడు మార్కెట్‌కి వెళ్ళి కాయ కొట్టించే పరిస్థితి లేదు, కత్తిపీట మీద తనే కొట్టింది, ముక్కలు ఒక సైజులో లేవు, కొన్నిటికి టెంక పెంకు సగమే ఉంది. ఆ జాడీని నేను రెండేళ్ళు ముట్టుకోలేదు. మందు మానిన మొదటి ఎండాకాలంలో ఒక ఆదివారం మూత తీశాను. ముందు వాసన, ఆవపిండి ఘాటు ముక్కులోంచి నేరుగా కళ్ళలోకి. నూనె నల్లబడింది. ముక్క మెత్తబడిపోయింది. వేడన్నంలో కలిపి ముద్ద చేసి నోట్లో పెట్టుకుని నమలకుండా కాసేపు ఉంచాను, మొదట ఉప్పు, తర్వాత కారం, పులుపు చాలా ఆలస్యంగా వచ్చింది, చివర్లో మెంతుల చేదు. ఆ చేదు దగ్గర అమ్మ చెయ్యి కనబడింది, గాజులు పైకి లాక్కుని మోచేతి దాకా ఎర్రగా, కలుపుతా ఎవరితోనో ఫోన్ స్పీకర్‌లో మాట్లాడుతా. ఆ జ్ఞాపకం అన్నాళ్ళూ నా దగ్గర లేదు, ఆక్సిమీటర్ నంబర్లే ఉన్నాయి. మందు మంచీ చెడూ చూడదు, రెండూ చెరిపేస్తది.

ఇంట్లోవాళ్ళు అడుగుతుంటారు, మేమేం చెయ్యాలి అని. ఏం చెప్పాలో నాకు మా పిన్ని వల్ల తెలిసింది. కిందటి ఏప్రిల్‌లో తను ఫోన్ చేసి, ఎలా ఉన్నావు అనలేదు, అన్నీ మర్చిపోయి ధైర్యంగా ఉండు అనలేదు, రేయ్ నాన్నా, అక్క ఆవకాయలో వెల్లుల్లి పొట్టు తీసి వేసేదా తియ్యకుండా వేసేదా అంది. తియ్యకుండానే పిన్నీ అన్నాను. కాదురా, సగం తీసేది అంది. ఇద్దరం వాదించుకున్నాం, అక్కణ్ణుంచి అమ్మ చిన్నప్పుడు బావి దగ్గర పడిపోయిన సంగతి, నాన్నతో పెళ్ళిచూపుల్లో కాఫీ ఒలకబోసిన సంగతి, మధ్యలో పిన్ని ఏడ్చింది, నేనూ ఏడ్చాను, మళ్ళీ వెల్లుల్లి దగ్గరికొచ్చాం. ఫోన్ పెట్టేసి చూస్తే ఎనిమిదింపావు. ఏడున్నర ఎప్పుడు దాటిందో చూసుకోలేదు.